స్వయంగా వెళ్లి చూసిన సభ్యురాలు

మస్కట్‌లోని ఘుబ్రాలో రామలక్ష్మిని పూర్తి పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ఆమె పనిచేసే ఇంటావిడ జకియా. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు యజమానురాలిని మామా అంటారు కాబట్టి రామలక్ష్మికీ ఆవిడ మామాయే. మామా ఈమెను "లక్ష్మీ" అంటుంది. పక్కింట్లో పనిచేసే హసీనా "లచ్చిమక్కా" అంటుంది. కూరగాయల కొట్టు మలయాళీ అసలు పేరే అడగలేదు. పూర్తి పేరు రాసి ఉన్నది రెండు చోట్లే. ఒకటి పాస్‌పోర్టు. రెండోది కడప జిల్లా గువ్వలకోన నగర పంచాయతీ ఆఫీసులో ఎర్ర అట్ట వేసిన తీర్మానాల పుస్తకం. ఆ పుస్తకం అక్కడి బీరువాలోనే చెదలు పట్టిపోతుందని రామలక్ష్మి నమ్ముకుని ఉంది.

అది అక్టోబరులో ఒక మధ్యాహ్నం హసీనా ఫోన్లో వచ్చి కూర్చుంది.

రెండిళ్ల మధ్య గోడకు వెనకవైపు చిన్న ఇనుప తలుపు ఉంది. మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక, సాయంత్రం టీ పెట్టేలోగా ఇద్దరికీ ఓ అరగంట దొరుకుతుంది. నీళ్ల ట్యాంకు నీడలో కూరగాయల పెట్టెలు బోర్లించుకుని కూర్చునేవాళ్లు. హసీనా రొట్టె తెచ్చేది, రామలక్ష్మి ఉల్లికారం తెచ్చేది. ఏడాదిన్నరగా ఆ అరగంట కోసమే మిగతా రోజంతా గడుస్తోందని ఇద్దరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనలేదు.

"అక్కా, నువ్వు ఎనిమిది దంకా సదివినావు గదా. ఇది కొంచెం సదివి పెట్టు. బాషా పంపినాడు." బాషా హసీనా తమ్ముడు.

"ఏందిది?"

"మా ఇల్లు ఎందుకు పడగొట్టినారో ఇందులో ఉండాదంట. సమాచార హక్కు కింద అర్జీ పెడితే నాలుగు నెల్లు తిప్పుకొని ఇచ్చినారు. వాడే సదివినాడు గానీ మజ్జమజ్జలో ఏడుస్తాడు, తిడతాడు. నాకు ఒక్క ముక్క అర్థం గాలా. నువ్వు నిమ్మళంగా సదువు."

హసీనా ఇంటి సంగతి రామలక్ష్మికి కొత్త కాదు. పరిచయమైన మొదటి నెలలోనే విన్నది. హసీనా ఎనిమిదేళ్లు కువైట్లో చేసి, గువ్వలకోన కాలువ వీధిలో రెండు గదుల ఇల్లు కట్టుకుంది. ఇంకో రెండేళ్లు చేసి వచ్చేసి ఆ ఇంట్లో ఉందామనుకుంది. ఆమె కువైట్లో ఉండగానే, రెండువేల పదిహేడులో, ఆ వీధిలో పదకొండు ఇళ్లు ఒక్క పూటలో పోయాయి. తల్లి హమీదా ఇప్పుడు ఎవరింటి వసారాలోనో ఉంటోంది. ఆ కథ విన్నరోజు హసీనా, "నీది ఏ ఊరక్కా?" అని అడిగితే, రామలక్ష్మి నోట్లోంచి "రాయచోటి పక్క" అని వచ్చేసింది. అనుకుని చెప్పిన అబద్ధం కాదు. కాలు జారినట్టు జారింది. జారిన తర్వాత లేవలేదు.

ఫోను చేతిలోకి తీసుకుంది. అక్షరాలను వేళ్లతో పెద్దవి చేసింది. పెంచలయ్య చేతిరాత. పెంచలయ్య ఆఫీసు అటెండరు, చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పుస్తకం అతనిచేతే రాయించేవాళ్లు.

"తీర్మానం నంబరు నూట పద్నాలుగు," అని మొదలుపెట్టింది. "తొమ్మిదో వార్డు కాలువ వీధిలో నగర పంచాయతీ స్థలమునందు గల పదకొండు రేకుల కొట్టములు ఖాళీగా ఉన్నవనియు, అందు ఎవరునూ నివాసము లేరనియు, వార్డు సభ్యురాలు శ్రీమతి..."

ఆగింది. తన పేరు తనవైపే చూస్తోంది. శ్రీమతి మేకల రామలక్ష్మి గారు. ఎంత మర్యాదగా రాశాడు పెంచలయ్య.

"శ్రీమతి ఎవరు?"

"గారు... స్వయంగా వెళ్లి చూసి తెలిపినందున, వాటిని తొలగించి అంగళ్ల సముదాయము నిర్మించుటకు సభ ఏకగ్రీవముగా ఆమోదించడమైనది."

"పేరు సదవలా నువ్వు."

"జిరాక్సు సరిగ్గా పడలా. మసక."

హసీనా ఫోను లాక్కుని చూసింది. ఆమెకు చదువు రాదు. అన్ని అక్షరాలూ ఒకేలా నల్లగానే ఉన్నాయి. "ఎవురూ లేరంటనా?" అంది. "మా యమ్మ పొయ్యి మింద కూడు పెట్టింటే కుండతో సహా తెచ్చి బయట పెట్టినారు. ఆ కూడు ఎవురికి ఉడుకుతాండె మరి, దయ్యాలకా? స్వయంగా చూసిందంట. యా కండ్లతో చూసిందో."

రామలక్ష్మి రొట్టె ముక్క ఉల్లికారంలో అద్దింది. తినలేదు.

"ఆ యమ్మ కావాలక్కా మాకు. ఇల్లు పోయినోళ్లకు స్థలాలు ఇస్తాండారంట. కానీ పుస్తకంలో ఎవురూ లేరని రాసిండారు గదా, మీరు ఆడ ఉన్న్యారని రుజువేంది అంటాడు ఇప్పటి కమిషనరు. పన్ను రసీదులు రాళ్ల కింద పోయినాయి. నేను పోలా, నేను చూడలా అని ఆ కౌన్సిలరే రాసిస్తే పేర్లు ఎక్కిస్తాడంట. నెలాఖరుకు విచారణ. ఇరవై దినాలు ఉండాది."

"ఇంటికి పోయి అడగలేదా బాషా?"

"పోయినాడు. మొగుడు ఉండాడు. ఆమె ఊర్లో లేదు పో అని తలుపేసినాడు."

గువ్వలకోన ఒకప్పుడు ఒక ఊరు కాదు. పాతూరు, కొట్టాలు, స్టేషను పేట అని మూడు పంచాయతీలు. ఒకరి పెళ్లికి ఒకరు పిలుచుకునేవాళ్లే గానీ ఒకరి బోరు నీళ్లు ఇంకొకరికి ఇచ్చేవాళ్లు కాదు. ఆ మూడింటినీ కలిపి నగర పంచాయతీ చేశారు. పంచాయతీ ఆఫీసుకే రంగు వేసి, గోడకు కొత్త బోర్డు కొట్టారు. ఇరవై వార్డులు గీశారు. పాతూరు సర్పంచి, కొట్టాల సర్పంచి, స్టేషను పేట సర్పంచి ముగ్గురూ ఛైర్మన్ కుర్చీ తనదే అనుకున్నారు. తీరా రిజర్వేషన్లు వచ్చేసరికి ఛైర్మన్ పదవి ఆడవాళ్లకు పోయింది. ముగ్గురూ ఇళ్లలోకి పోయి భార్యల వైపు చూశారు.

ఇరవై వార్డుల్లో పది ఆడవాళ్లవి. తొమ్మిదో వార్డు వెనకబడిన కులాల ఆడవాళ్లకు వచ్చింది. రామలక్ష్మి మొగుడు జయరాముడు ఉండేది పన్నెండో వార్డులో. అయినా తొమ్మిదిలో భార్య చేత నామినేషన్ వేయించాడు. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు. చేతిలో పది నెలల పిల్ల. ప్రచారానికి రెండు రోజులు జీపు మీద నిలబెట్టి, ముసుగు సర్ది, చేతులు జోడించి ఉంచమన్నారు. ఫ్లెక్సీలో జయరాముడి బొమ్మ నిలువెత్తు. ఆమెది మూలన, పెళ్లి ఫోటోలోంచి తీసింది, తపాలా బిళ్లంత.

గెలిచింది. నూట ఆరు ఓట్ల తేడా. ఊరంతా "జయరాముడు గెలిచినాడు" అన్నారు.

మొదటి సమావేశానికి పట్టుచీర కట్టుకుని వెళ్లింది. ఆడవాళ్లకు వెనక వరుస. ముందు వరుసలో మగ కౌన్సిలర్లు పది మంది, వాళ్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలేసుకుని ఆడ కౌన్సిలర్ల మొగుళ్లూ మరుదులూ. ఛైర్‌పర్సన్ గాజు గ్లాసులో నీళ్లు తాగుతూ ఉంటే పక్కన ఆమె బావగారు ఎజెండా చదివాడు. మిక్చరు పొట్లాలూ టీలూ వచ్చాయి. మూడో వార్డు నుంచి గెలిచిన చేపలమ్మే ఆమె ఒక్కతే లేచి, "మా వీధిలో మురికి కాలువ ఎప్పుడు తీస్తారు సార్?" అని అడిగింది. ముందు వరుసలోంచి ఎవరో, "ముందు నువ్వు చేపలు కడిగిన నీళ్లు పొయ్యడం ఆపు, అదే తీసినట్టు," అన్నారు. అందరూ నవ్వారు. రామలక్ష్మి కూడా నవ్వింది. నవ్వకపోతే తనవైపు చూస్తారని నవ్వింది. ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ చెవుల్లో వినపడుతుంది.

మూడో సమావేశం నుంచి ఆమె వెళ్లనక్కర్లేదన్నాడు జయరాముడు. పుస్తకమే ఇంటికి వచ్చేది. పెంచలయ్య సైకిలు మీద తెచ్చి, వంటింటి గుమ్మం దగ్గర చాపేసుకుని కూర్చునేవాడు. సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిలుతో చిన్న గీత గీసి ఉంచేవాడు. ఒక్కోసారి పైన రాత ఉండేది, ఒక్కోసారి పేజీ తెల్లగా ఉండేది. "తర్వాత రాసుకుంటాలేమ్మా, మీరు పెట్టండి," అనేవాడు. ఆమె చేతికి పిండి ఉంటే కడుక్కుని వచ్చి పెట్టేది. ఐదేళ్లలో ఎన్ని పెట్టిందో ఆమెకు తెలియదు. చదవడం వచ్చు. చదవలేదు. చదివితే ఏదో ఒకటి అడగాలనిపిస్తుంది. అడిగితే ఏమవుతుందో చేపలామె దగ్గర చూసింది.

ఐదేళ్లు అయిపోయాక ఎన్నికలు రెండేళ్లు ఆలస్యమయ్యాయి. తొమ్మిదో వార్డు ఈసారి జనరల్ అయింది. జయరాముడు తనే పోటీ చేసి ఓడిపోయాడు. ఆయన ఓడిపోయిన రెండు నెలలకు రామలక్ష్మికి మస్కట్ వీసా వచ్చింది. ఆ రెండిటికీ మధ్య ఉన్న అప్పుల సంగతి ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

కాగితం చదివిన నాలుగో రోజున హసీనా ఇనుప తలుపు తోసుకుని వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అక్కా, దొరికింది! ఆ యమ్మ యాడుందో తెల్సా? మస్కట్‌లోనే! మనట్లనే ఇండ్లల్లో పనిజేస్తాండాదంట. పెంచలయ్య చెప్పినాడంట బాషాకు. పేరు రామలక్ష్మి."

రామలక్ష్మి ఉల్లికారం గిన్నె మీద మూత పెట్టి, మళ్లీ తీసింది.

"నీ పేరులో సగం దానికి పెట్టినారు సూడక్కా, దేవునికి బుద్ధి లేదు," అని హసీనా నవ్వింది. "నువ్వు శుక్రవారం రువి బజారుకు పోతావు గదా, ఆడ మన కడపోళ్లు చానామంది వస్తారు. రోంత అడుగు. మన జిల్లా ఆడోళ్లు ఎంతమంది ఉంటారు చెప్పు? దొరుకుతాది. దొరికితే నేను దాన్ని తిట్టను, కొట్టను. కాళ్లు పట్టుకుంటా. రాసియ్యమ్మా, అంతే, అంటా."

"కాళ్లు పట్టుకుంటావా?"

"మా యమ్మకు డెబ్బై ఏండ్లక్కా. నాకేం సిగ్గు?"

ఆ రాత్రి రామలక్ష్మికి నిద్ర పట్టలేదు. హసీనా తిడతానంటే భరించగలిగేది. కాళ్లు పట్టుకుంటానన్న మాటే వదల్లేదు.

ఆ వారంలోనే మామా ఇంట్లో ఆడవాళ్ల కూటం ఒకటి జరిగింది. డిసెంబరులో ఇక్కడ మున్సిపల్ కౌన్సిల్ ఎన్నికలు. మామా తోడికోడలు బద్రియా నిలబడింది. ఓటు ఫోన్లోనే వేస్తారట. గెలిచినవాళ్లతో పాటు కౌన్సిల్లో ప్రభుత్వం తరఫున పెట్టిన పెద్దలూ కూర్చుంటారని మామా చెప్పింది. కౌన్సిల్‌ను ఏమంటారో రామలక్ష్మికి తెలియదు గానీ మున్సిపాలిటీని బలదియా అంటారని తెలుసు. ఆ మాట గదిలో వినిపించినప్పుడల్లా ఆమె కహ్వా కాఫీ పోయడం ఆపి వినేది.

బద్రియా పెద్దగా ఉపన్యాసం ఇవ్వలేదు. ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని, వాన పడితే ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో ఒక్కొక్కరినీ అడిగింది. ఒక ముసలావిడ, "గెలిచేదాకా అడుగుతారు, గెలిచాక మా గుమ్మం గుర్తుండదు," అని దెప్పింది. అందరూ నవ్వారు. బద్రియా కూడా నవ్వి, ఆ మాట కూడా రాసుకుంది. ఖర్జూరాల పళ్లెం పట్టుకుని నిలబడ్డ రామలక్ష్మి వైపు తిరిగి, సగం హిందీలో సగం అరబ్బీలో అడిగింది.

"పొద్దున చెత్త పారేయడానికి వెళ్లేది నువ్వే కదా? మూలన ఉన్న దీపం వెలుగుతోందా?"

"మాఫీ మేడం. రెండు నెలలు. మాఫీ లైట్." మాఫీ అంటే అరబ్బీలో లేదు అని.

బద్రియా రాసుకుంది. ఏ మూల, ఏ దీపం అని మళ్లీ అడిగి రాసుకుంది.

రామలక్ష్మి పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో నిలబడింది. ఓటు లేని పనిమనిషిని ఒక దీపం గురించి అడిగారు. ఐదేళ్లు సభ్యురాలిగా ఉండి తను ఒక్క ఇంటి ముందు నిలబడి, మీకేం కావాలి అని ఎవరినీ అడగలేదు. కాలువ వీధి ఎక్కడుందో కూడా ఆమెకు సరిగ్గా తెలియదు. స్టేషను పేట దాటాక ఎడమకా, కుడికా?

మర్నాడు జయరాముడికి ఫోన్ చేసింది.

"ఆ కాలువ వీధి వాళ్లకు కాయితం రాసిస్తా నేను."

"ఎవురు చెప్పినారు నీకు? ఆ బాషా నా కొడుకు ఆడికి గూడ వచ్చినాడా?"

"ఎవురో చెప్పినారు. నేను పోలేదు గదా ఆడికి. చూల్లేదు గదా. అదే రాస్తా."

"మతి ఉండాదా? అట్ల రాస్తే పుస్తకంలో రాసింది దొంగరాత అయితాది. ఆ అంగళ్లల్లో నాలుగో నంబరు గది ఎవరిది? మనది గాదా? నీ బిడ్డ తినే కూడు ఆడ్నుంచి వస్తాంది. నోరు మూసుకోని పని చేస్కో. నీకేం తెల్సు?"

"అదే గదా రాయాల్సింది," అంది రామలక్ష్మి. "నాకేం తెల్దని."

అవతల ఫోన్ పెట్టేశాడు. పెళ్లయి పన్నెండేళ్లలో ఆమె ఆయనకు ఎదురు చెప్పిన మొదటి మాట అదే. ధైర్యంగా ఏమీ అనిపించలేదు. నాలుగో నంబరు గది అద్దె తన బిడ్డ కూడన్న మాట చెవిలో పడి ఉండిపోయింది. ఇన్నాళ్లు ఆ సంగతి తెలిసీ, ఇనుప తలుపు దగ్గర హసీనా కళ్లు తుడవడానికి కొంగు ఇచ్చింది తను.

శుక్రవారం మధ్యాహ్నం పాస్‌పోర్టు తీసి జాకెట్టులో దోపుకుని వెళ్లింది. హసీనా అప్పటికే కూర్చుని ఉంది. రొట్టెలు గుడ్డలో చుట్టి ఉన్నాయి.

"రువి పోలేదా అక్కా? అడగమని చెప్తి గదా."

"హసీనా, ఆ కాయితంలో పేరు మసక లేదు."

"మరి?"

"బాగా కనపడతాంది. నేనే సదవలా. ఆ పేరు నాది."

హసీనా నవ్వింది. "పో అక్కా. ఎగతాళి ఆడను నేనే దొరికినానా?"

రామలక్ష్మి పాస్‌పోర్టు తెరిచి చేతిలో పెట్టింది. ఫోటో కింద సంతకం ఉంది. హసీనాకు అక్షరాలు రావు గానీ కళ్లున్నాయి. ఫోన్లో కాగితం అడుగున ఉన్న సంతకం తీసి పక్కన పెట్టుకుంది. చివరి అక్షరం తోకను పైకి తిప్పి, మళ్లీ కిందికి లాగిన తీరు రెండు చోట్లా ఒకటే. చాలాసేపు చూసింది. ఫోను ఆరిపోతే మళ్లీ వెలిగించుకుని చూసింది.

రామలక్ష్మి చెప్పుకుంటూ పోయింది. నామినేషన్, జీపు, పెంచలయ్య, తెల్ల పేజీలు, నాలుగో నంబరు గది, రాయచోటి పక్క అన్న అబద్ధం. ఒక్క సంగతి మాత్రం చెప్పలేకపోయింది.

"ఏడాదిన్నర నా రొట్టె తింటివి," అంది హసీనా.

"ఆ."

"మా యమ్మను తల్చుకోని నేను ఏడుస్తాంటే పక్కన కూసోని ఇంటివి."

"ఆ."

"పోయిన వారం ఈ కాయితం నా ఎదురుగానే సదివి, పేరు మింగితివి. నేను నీ ఎదురుగానే ఆ యమ్మ కాళ్లు పట్టుకుంటా అంటి. అప్పుడన్నా నోరు తెర్సలేదే నువ్వు. ఏం ఆడదానివే?"

అక్కా అన్న మాట పోయింది. అది పోయిన సంగతి రామలక్ష్మికి ముందు తెలిసింది, మిగతాది తర్వాత తెలిసింది.

హసీనా ఫోను ఆమె ఒళ్లో పడేసింది. "సదువు. యాడా ఇడ్సకుండా సదువు."

రామలక్ష్మి చదివింది. వార్డు సభ్యురాలు శ్రీమతి మేకల రామలక్ష్మి గారు స్వయంగా వెళ్లి చూసి తెలిపినందున. గొంతు పీలగా వచ్చింది.

"ఇంగోసారి. గట్టిగా."

మళ్లీ చదివింది. గోడ అవతల ఎవరో కారు కడుగుతున్నారు. నీళ్లు ఆగాయి, మళ్లీ మొదలయ్యాయి.

హసీనా ఇంకేం అనకుండా ఇమోలో తల్లికి వీడియో కాల్ చేసింది. తెర మీద పల్చటి తెల్ల జుట్టు, వెనక రేకుల గోడ. "మా, కౌన్సిలరమ్మ దొరికింది. మాట్లాడు," అని ఫోను రామలక్ష్మి ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

హమీదా దగ్గరగా వంగి చూసింది. "బాగుండావా అమ్మా?" అంది ముందు. అలవాటు కొద్దీ అన్నట్టుంది.

"నేను రాసిస్తానమ్మా. నేను పోలేదు, చూల్లేదు అని రాసిస్తా."

ముసలామె ఫోను చెవి దగ్గరికి తెచ్చుకుంది. "ఈ గొంతు నేను ఇన్నా," అంది. "పడగొట్టే ముందు రోజు మీ గేటు కాడికి వచ్చినా నేను. తలుపు సందులోంచి, ఆయన లేరు, రేపు రాండి అంటివి. రేపటికి ఇల్లే లేకపోయె మాకు."

చెప్పలేకపోయిన ఆ ఒక్క సంగతీ అదే. హసీనా కళ్లు రామలక్ష్మి మీదే ఉన్నాయి.

"ఉన్నాడమ్మా," అంది రామలక్ష్మి. "ఆయప్ప ఇంట్లోనే ఉన్నాడు. అన్నం తింటాండె. లేడని చెప్పమని చెయ్యి ఊపితే చెప్పినా."

"తెల్సమ్మా," అంది హమీదా. "చెప్పులు వాకిట్లోనే ఉన్న్యాయి గదా."

హసీనా ఫోను తిప్పుకుని, తల్లి తిన్నదో లేదో, కాళ్లవాపు ఎలా ఉందో అడిగింది. రామలక్ష్మి పెట్టె మీదే కూర్చుని ఉంది. తిట్టి ఉంటే బాగుండును. చెప్పులు చూసి కూడా ఆ ముసలామె ఏమీ అనకుండా వెనక్కి నడిచి వెళ్లిందంటే, తలుపు వెనక నిలబడ్డ తనను ఎంత చిన్నదానిగా చూసి వెళ్లిందో.

ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. ఊరికే రాసి పంపితే చెల్లదు, ఇక్కడ మన ఎంబసీ ముద్ర కావాలని బాషా కనుక్కుని చెప్పాడు. రామలక్ష్మి ఇనుప తలుపు దగ్గరే కూర్చుని రాసింది. హసీనా ఇప్పుడు పక్కన కూర్చోవడం లేదు, నిలబడే ఉంటోంది. రొట్టె తేవడం లేదు.

"ఏం రాసినావు, సదువు."

"నేను చదువు తక్కువ దానిని అయినందున, నాకు తెలియక సంతకం పెట్టితిని..."

"అది కొట్టెయ్. ఎనిమిది సదివినావు. తెలియక అని రాయొద్దు. తెల్సుకోలా అని రాయి."

రామలక్ష్మి కొట్టేసింది. తెలుసుకోలేదు అని రాసింది. ఆ తర్వాత మిగతా వాక్యాలు వాటంతట అవే వచ్చాయి. కాలువ వీధికి నేను ఎన్నడూ వెళ్లలేదు. ఆ ఇళ్లను చూడలేదు. అక్కడ ఎవరూ లేరని ఎవరికీ చెప్పలేదు. అక్కడ హమీదా అనే ఆమె నివాసం ఉండేదని, ఆమె సాయం కోరి మా ఇంటికి వచ్చిందని, ఆమెను నేనే పంపేశానని తెలియజేస్తున్నాను. చివరి మాట హసీనా అడగలేదు. తనే రాసింది.

సెలవు అడగడానికి మామా దగ్గరికి వెళ్లింది. ఎందుకు అంటే ఏదో ఒంట్లో బాగోలేదని చెప్పొచ్చు. చెప్పలేదు. వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలు, హిందీ కలిపి, మా ఊళ్లో బలదియాలో నేను మెంబరుని, తప్పు కాగితం మీద సంతకం పెట్టాను, దాన్ని సరిచేయాలి అంది.

మామా ముందు నవ్వింది. ఆ తర్వాత రామలక్ష్మి ముఖం చూసి నవ్వు ఆపింది. "నువ్వా? బలదియాలోనా? ఎన్నేళ్లు?"

"ఐదు."

"ఏం చేసేదానివి అక్కడ?"

రామలక్ష్మి గాలిలో వేలితో సంతకం పెట్టి చూపించింది. మామా కాసేపు చూసి, ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా వెళ్లి రమ్మంది.

ఆదివారం ఇద్దరూ ఒకే టాక్సీలో వెళ్లారు. హసీనా ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుంది, రామలక్ష్మి వెనక ఒక్కతే కూర్చుంది. దారి పొడుగునా హసీనా తల తిప్పలేదు. కాగితాలు తీసుకునే ఆఫీసులో వరుస పెద్దదిగా ఉంది. సైట్ బూట్లతో వచ్చిన తెలంగాణ వాళ్లు, చంకలో పసిబిడ్డతో ఒక తమిళావిడ. రామలక్ష్మి ఫోను మూడుసార్లు మోగింది. జయరాముడు. మూడోసారి మోగినప్పుడు నొక్కి ఆపేసింది.

కౌంటరులో ఉన్న కుర్రాడు ఉత్తరం తీసుకున్నాడు. పాస్‌పోర్టు చూశాడు. తెలుగు రాదు కాబట్టి ఇందులో ఏముందో హిందీలో చెప్పమన్నాడు. రామలక్ష్మి చెప్పింది. వెళ్లలేదు, చూడలేదు, ఉన్నవాళ్లను లేరన్నాను. చెప్తుంటే చెవులు కాలాయి. వెనక తమిళావిడ కూడా వింటోంది.

కుర్రాడు పక్కన నిలబడ్డ హసీనా వైపు చూశాడు. "నువ్వెవరు? నువ్వెందుకు వచ్చావు? ఈమె నీకు ఏమవుతుంది?"

ఏడాదిన్నరగా ఎవరు అడిగినా హసీనా ఒకటే చెప్పేది, మా అక్క అని. కూరగాయల కొట్టులో, బస్టాపులో, మామా పిల్లలతో కూడా. రామలక్ష్మి బల్ల అంచు వైపు చూస్తూ నిలబడింది.

"నేను ఈమె వార్డు మనిషిని," అంది హసీనా.

అతనికి అర్థం కాలేదు. ఏంటి అన్నట్టు చెయ్యి తిప్పాడు.

"ఈమె మా కౌన్సిలరు."

కుర్రాడు రామలక్ష్మిని కిందినుంచి పైదాకా చూశాడు. అరిగిన చెప్పులు, క్లోరిన్ మరకలు పడిన కొంగు, గిన్నెలు కడిగి తెల్లబడ్డ వేళ్లు. పెదాల చివర నవ్వు వచ్చింది. "నిజమేనా?" అని ఆమెనే అడిగాడు.

పదవిలో ఉన్న ఐదేళ్లలో తొమ్మిదో వార్డులో ఒక్కరు కూడా ఆమెను ఆ మాటతో పిలవలేదు. వరుసలో వెనకవాళ్లు ఇంకెంతసేపు అంటూ కదులుతున్నారు. హసీనా కూడా జవాబు కోసమే చూస్తోంది. రామలక్ష్మి బల్ల అంచు మీంచి చూపు ఎత్తింది.

"అవును," అంది.